20 డిగ్రీల నీళ్ళు

నలుపు తెలుపు ఫిల్ము ఎలా కడగాలో చెప్పే పట్టిక ఏ కంపెనీది తీసినా, అందులో మొదట కనపడే అంకె 20 డిగ్రీల సెల్సియస్. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌కి ఐడీ-11 డెవలపర్‌లో, నీళ్ళు కలపకుండా అయితే, ఏడున్నర నిమిషాలు. కొడాక్ ట్రై-ఎక్స్‌కి డీ-76లో ఆరుముప్పావు. చల్లటి దేశాల్లో రాసుకున్న లెక్కలివి. మే నెల మధ్యాహ్నం బెజవాడలో మేడమీది ట్యాంకు నీళ్ళు కుళాయి కింద చెయ్యి పెట్టనివ్వవు. ఆ నీళ్ళతో కలిపిన డెవలపర్‌లో పట్టిక చెప్పినంతసేపూ ఉంచితే ఫిల్ము బొగ్గులా నల్లబడి బయటికొస్తుంది. కాబట్టి మన దగ్గర ఈ పని నేర్చుకునేవాళ్ళు కెమెరా తర్వాత కొనాల్సింది మంచి థర్మామీటరు.

చాలామందిని వెనక్కి లాగేది డార్క్ రూమ్ అన్న మాట. ఫిల్ము కడగడం వరకైతే ఆ గది అక్కర్లేదు. సినిమాల్లో చూపించే ఎర్రబల్బు ఫోటో కాగితం కోసం. ఆ కాగితం ఎరుపును పట్టించుకోదు. ఇప్పటి ఫిల్ములు దాదాపు అన్ని రంగులనూ పట్టేస్తాయి, ఎర్ర వెలుగు తగిలినా పాడవుతాయి. చిమ్మచీకటి కావాల్సింది రీలును డబ్బాలోంచి తీసి, స్పైరల్ అనే గాడుల చట్రానికి చుట్టి, వెలుగు చొరని చిన్న ట్యాంకులో పెట్టి మూత బిగించేవరకే. అందుకు రెండు చేతులు దూరే నల్లసంచి చాలు. మూత పడ్డాక మిగతా పనంతా లైటు వేసుకుని చేసుకోవచ్చు. కాకపోతే కోస్తా ఉక్కపోతలో సంచిలో పెట్టిన చేతులకి కాసేపట్లోనే చెమట పడుతుంది. తడి తగిలిన ఫిల్ము ప్లాస్టిక్ స్పైరల్‌లో ఇరుక్కుంటే ముందుకూ వెళ్ళదు, వెనక్కీ రాదు. స్పైరల్‌ని ముందు రోజే కడిగి పూర్తిగా ఆరబెట్టి, చల్లటి వేళ చూసుకుని చుట్టుకోవడం మేలు. పనికిరాని రీలొకటి దగ్గరుంచుకుని మొదట వెలుతురులో, తర్వాత కళ్ళు మూసుకుని సాధన చేస్తే చేతులకి దారి తెలుస్తుంది.

ట్యాంకులో జరిగేది వెండి కథ. ఫిల్ము మీది జిలాటిన్ పొరలో వెండి బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. కెమెరాలో వెలుగు తగిలిన స్ఫటికం మీద వెండి పరమాణువులు కొన్ని పోగవుతాయి. అవి కంటికి కనపడవు. ఆ గుర్తున్న స్ఫటికాన్ని డెవలపర్ మొత్తంగా లోహపు వెండిగా మార్చేస్తుంది. వదిలేస్తే గుర్తు లేని వాటినీ మార్చడం మొదలుపెడుతుంది, అందుకే గడియారం. మిగిలిపోయిన వెండి లవణాన్ని హైపో (సోడియం థయోసల్ఫేట్) కరిగించి తీసేస్తుంది. హైపోకి ఈ గుణముందని ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన 1839లో అది అక్కరకొచ్చింది. ఇప్పటికీ చాలామంది ఫిక్సర్‌ని హైపో అనే అంటారు.

డీ-76 సూత్రం రహస్యమేమీ కాదు. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. చివరిది మన వెలిగారమే. మెటాల్ చురుగ్గా పని మొదలుపెట్టి నీడల్లోని వివరాన్ని పైకి తెస్తుంది. హైడ్రోక్వినోన్ దానికి తోడై వెలుగు భాగాలకి బలమిస్తుంది. సల్ఫైట్ ద్రావణం గాలికి చెడకుండా కాపాడుతుంది, వెలిగారం కావలసినంత క్షారగుణాన్నిస్తుంది. కలిపే వరసలో ఒక మెలిక ఉంది. సల్ఫైట్ ఎక్కువగా ఉన్న నీళ్ళలో మెటాల్ కరగనంటుంది, కాబట్టి 50 డిగ్రీల దగ్గరున్న నీళ్ళలో మెటాల్‌నే ముందు కరిగించాలి. మెటాల్ కొందరికి చర్మం మీద దురద, పొక్కులు తెస్తుంది, చేతులకి తొడుగులు తప్పనిసరి. వంటపాత్రలు ఈ పనికి వాడకూడదు.

ఇక వేడి సంగతి. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, ఫిక్సర్, కడిగే నీళ్ళు, అన్నింటినీ సీసాల్లో పోసి ఒకే టబ్బు నీళ్ళలో నిలబెట్టాలి. ఐసు ముక్కల్ని పాలిథీన్ సంచిలో కట్టి ఆ టబ్బులో వేయాలి, సీసాలో వేస్తే డెవలపర్ పలచబడుతుంది. నిప్పులు కురిసే రోజున 20కి దింపాలని పంతం పట్టడం కంటే 24 దగ్గర ఆగి సమయం తగ్గించుకోవడం నయమని నా అభిప్రాయం. డిగ్రీ పెరిగినకొద్దీ సమయం సుమారు పదోవంతు తగ్గుతుంది. ఆ లెక్కన ఏడున్నర నిమిషాలు 24 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాల ప్రాంతానికి వస్తాయి. ఐదుకి లోపైతే డెవలపర్ అంతటా సమానంగా పనిచెయ్యక చారలు పడే ప్రమాదముంది. అప్పుడు ఐడీ-11లో సమానంగా నీళ్ళు కలపాలి. 20 దగ్గర 13 నిమిషాలు పట్టే ఈ పలచని ద్రావణం 24 దగ్గర కూడా సుమారు తొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది, చేతికి వెసులుబాటు దొరుకుతుంది. ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లపాటు నాలుగుసార్లు ట్యాంకును తలకిందులు చేసి, గాలిబుడగలు పోయేలా గట్టు మీద ఒకసారి తట్టాలి.

డెవలపర్ వేడిగా, కడిగే నీళ్ళు చల్లగా ఉంటే తడిసి ఉబ్బిన జిలాటిన్ ఒక్కసారిగా ముడుచుకుని సన్నటి పగుళ్ళ వల పడుతుంది. పాతకాలంలో ఉష్ణదేశాల ఫోటోగ్రాఫర్లు దీనితో పెద్ద కుస్తీయే పట్టారు. జిలాటిన్ ఉబ్బకుండా డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపేవారు, క్రోమ్ పటిక ద్రావణంలో ముంచి పొరని గట్టిపరిచేవారు. కొడాక్ ఇందుకోసం డీకే-15 అనే ప్రత్యేక సూత్రమే ప్రకటించింది. ఇప్పటి ఫిల్ముల పొరని కర్మాగారంలోనే గట్టిపరుస్తున్నారు కాబట్టి అంత అవస్థ లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, ల్యాబ్‌కి ఇచ్చిన రీళ్ళన్నిటినీ సాధారణంగా ఒకే కొలతకి కడుగుతారు. మన ఎండ ఆ కొలతకి ఒదగదు. పొలం గట్టున తెల్లపంచె కట్టుకుని, తలపాగా నీడ మొహం మీద పడుతున్న రైతు ఉన్నాడనుకోండి. నీడలో ఎంత వివరం నిలుస్తుందో కెమెరాలోనే తేలిపోతుంది. వెలుగు ఎంత ముదురుతుందో ఎక్కువగా ట్యాంకులో తేలుతుంది. అందుకని ఐఎస్‌ఓ 400 ఫిల్మును 200గా లెక్కేసి వెలుగు ఎక్కువివ్వాలి, డెవలపర్‌లో సమయం ఓ ఐదోవంతు తగ్గించాలి. కళ్ళకింద ముడతలూ పంచె మడతలూ రెండూ మిగులుతాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ జోన్ సిస్టమ్‌గా పద్ధతిలో పెట్టింది ఈ తర్కాన్నే. నా మటుకు ఇంట్లో కడుక్కోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో నెగటివే చెబుతుంది. అంచున కంపెనీ ముద్రించిన అంకెలు చక్కగా నల్లగా ఉండి బొమ్మలు మాత్రం పలచగా ఉంటే లోపం కెమెరాలో ఉంది. అంకెలూ వెలవెలబోతే డెవలపర్ చాలలేదు. అంకెలు కూడా లేకుండా ఫిల్ము అద్దంలా వస్తే డెవలపర్ చచ్చిపోయిందన్నమాట, లేదా ఫిక్సర్ ముందు పోశారు.

ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సితో కూడా ఫిల్ము కడగవచ్చు. 1995లో అమెరికాలోని రాచెస్టర్ విద్యాసంస్థలో తరగతి ప్రయోగంగా పుట్టిన కెఫెనాల్ ఇది. పనిచేస్తుంది, వాసన మాత్రం భరించలేం. మొదటి రీలుకి వద్దు.

ఫిక్సర్ పని అయ్యాక ఫిల్మును కడగడానికి నీళ్ళు ధారగా వదలనక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ పద్ధతిలో ట్యాంకు నింపి ఐదుసార్లు, మళ్ళీ నింపి పదిసార్లు, ఇంకోసారి నింపి ఇరవైసార్లు తిప్పితే సరి, 35 మి.మీ. రీలుకి లీటరు చాలు. బోరు నీళ్ళతోనే ఆరబెడితే తెల్లటి సున్నపు మచ్చలు పడతాయి. ఆఖరి ముంపుకి ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడుకోవచ్చు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, దాన్ని మొక్కల్లోనో బావిలోనో పారబోయకూడదు.

ఆరిన నెగటివ్‌లని తేమ తగలని చోట, సిలికా జెల్‌తో దాచాలి. మన తేమకి బూజు పట్టడమే కాదు, పాత ఎసిటేట్ ఫిల్ము వేడికీ తడికీ లోలోపలే విచ్ఛిన్నమై పుల్లటి వెనిగర్ వాసన కొడుతుంది. ఇంట్లో బీరువా అడుగున అమ్మమ్మ తాతయ్యల నెగటివ్‌లుంటే ఓసారి తీసి వాసన చూడండి. పులుపు తగిలిన వాటిని మిగతావాటితో కలపకుండా వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించండి.