‘భిలాయి’ని తిరగేసి చూడండి

ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. భిలాయి క్యాంప్ 1లో పెరిగే మన పిల్లలకు ఈ మూడూ అలవాటే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి ఉక్కు కర్మాగారం మొదలయ్యాక, పని వెతుక్కుంటూ తెలుగు కుటుంబాలూ ఇటు వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పటి పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి పైథాన్ నేర్చుకుంటారు. వేరియబుల్, లూప్, ఫంక్షన్ వచ్చేస్తాయి. ఆ పైన దారి తోచక ఇంకో కోర్సు మొదలుపెడతారు. అందులోనూ మళ్ళీ లూపులే. కోర్సు మార్చడం కాదు, మీ భాషల్లోంచే ఒక చిన్న చిక్కు పట్టుకుని దాని అంతు చూడండి.

ఇది పాత పద్ధతే. 1978లో బ్రయన్ కెర్నిహన్, డెనిస్ రిచీ సి భాష మీద రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే అక్షరాలు, పంక్తులు, మాటలు లెక్కపెట్టే ప్రోగ్రాములు రాయిస్తుంది.

అదే లెక్క తెలుగులో పెడదాం. ‘భిలాయి’ పొడవు అడిగితే పైథాన్ మూడు అనదు, ఆరు అంటుంది. యూనికోడ్‌లో గుడి, దీర్ఘం విడి సంకేతాలు మరి. మాటను తిరగేయమంటే చివరి గుడి ముందుకొచ్చి ఒంటరిగా వేలాడుతుంది, లకారపు దీర్ఘం యకారానికి పోతుంది. అప్పుడు యూనికోడ్‌డేటా మాడ్యూల్ తెరవాలి. గుడి, దీర్ఘం ‘ఎంఎన్’ వర్గానివని అది చెబుతుంది. ఆ వర్గాన్ని ముందున్న హల్లుకు కట్టేస్తే ‘యిలాభి’ వస్తుంది. అక్కడితో ఆగకుండా ‘తెలుగు’ ఇవ్వండి. మళ్ళీ చెడుతుంది, కొమ్ము ‘ఎంసి’ వర్గం కాబట్టి. దాన్నీ కలిపి ‘క్యాంప్’ ఇస్తే ‘ప్యాంక్’ వస్తుంది! చూడ్డానికి నిజమైన మాటలాగే ఉంది, అదే ప్రమాదం. యకారం కకారాన్ని వదిలి పకారాన్ని పట్టుకుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే రెంటినీ కలిపే నియమం రాయాలి. చివరి ‘ప్’ సంగతో? ఛందస్సు లెక్కలో అది ముందక్షరంతో కలిసి దాన్ని గురువును చేస్తుంది. ఏ లెక్క కావాలో తేల్చుకోవలసింది మీరు, పైథాన్ కాదు.

చెడిన ప్రతి మాటనూ పరీక్షగా దాచండి. నియమం మార్చినప్పుడల్లా అన్నిటినీ మళ్ళీ నడపండి. పైథాన్‌తోనే వచ్చే టెక్స్ట్‌వ్రాప్ మాడ్యూల్ ఫైలు తెరిచి, అనుభవజ్ఞులు అరుదైన సందర్భాలను ఎలా కాచుకున్నారో చదవండి. కోర్సుల్లో దొరకని చదువు ఇదే.

హిందీకీ ఇదే చిక్కు ఉంది. రెండు లిపుల్లోనూ తప్పును కంటితో పట్టగలగడం క్యాంప్ పిల్లలకున్న బలం. నాకు తెలిసి దీన్ని వాళ్ళు బలంగా ఎంచడం లేదు.

అంతా సరిపోయిందనుకున్నాక ‘క్యాంప్‌లో’ అని ఇచ్చి చూడండి. అందులో కంటికి కనబడని సంకేతం ఒకటుంది. దాన్ని పట్టుకోవడం మీ వంతు.