వియ్యానికీ వ్యాపారానికీ ఒకటే పద్దు

ఏడువందల పేజీల జర్మను నవల అనగానే పేజీ తిప్పెయ్యకండి. సంబంధాలు చూడటం, కట్నం బేరం, అల్లుడి అప్పులు, పుట్టింటి పరువు - మనకి తెలియని సంగతి ఇందులో ఒక్కటీ లేదు. థామస్ మన్ 1901లో వెలువరించిన ‘బుడెన్‌బ్రూక్స్’ గురించే చెబుతున్నాను. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు! 1929లో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు కూడా ముఖ్యంగా ఈ నవలనే చెప్పుకున్నారు. ఒక వర్తక కుటుంబం నాలుగు తరాల్లో ఎలా చితికిపోయిందో అద్భుతంగా చూపించాడని అందరూ అంటారు. నిజమే. కాని నాకు మాత్రం ఇది చితికిపోయిన మగవాళ్ళ కథగా కంటే, వాళ్ళ ఖాతాలో సరుకుగా ఎక్కిన ఆడపిల్ల కథగానే కనిపిస్తుంది.

నవలలో ఊరి పేరు చెప్పడు గాని, వీధులన్నీ ఆయన పుట్టిన ల్యూబెక్‌వే. ఆ ఊరి పూర్వకథ కొంచెం తెలిస్తే నవల రుచే వేరు. బాల్టిక్, ఉత్తర సముద్రాల ప్రాంతపు పట్నాల వర్తకులు కట్టుకున్న పొత్తు పేరు హన్సా. దానికి పెద్దదిక్కు ల్యూబెక్. 1356లో పట్నాల ప్రతినిధులంతా మొదటి మహాసభ జరుపుకున్నది అక్కడే. ఉప్పు, హెర్రింగు చేపలు, బొచ్చుతోళ్ళు, మైనం, ఉన్నిబట్టలు - ఇవీ వాళ్ళ సరుకులు. 1370లో డెన్మార్కునే లొంగదీసి సంధి రాయించుకున్నారు. ఇంతా చేసి ఆ పొత్తుకి శాశ్వతమైన సైన్యం లేదు, ఖజానా లేదు. చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఒక్కటే - వెలి! మాట వినని పట్నాన్ని పొత్తులోంచి తీసేసేవారు. 1471లో కొలోన్ అంతటి పట్నానికే ఆ గతి పట్టింది. 1669లో ఆఖరి సభ జరిగింది. అంతటితో పొత్తు ముగిసినట్లే.

సభ పోయింది, సరే. బుద్ధి పోయిందా? 1835లో మొదలయ్యే ఈ కథలో అదే పొత్తు, అదే వెలి ఇంటి గడపలోకి వచ్చి కూర్చున్నాయి. పెద్దకొడుకు గొట్‌హోల్డ్ అంతస్తు తక్కువ దుకాణదారు పిల్లని చేసుకున్నాడని తండ్రి దూరం పెట్టేస్తాడు. ఇక మనవరాలు టోనీ. సముద్రపు ఒడ్డున సెలవులకి వెళ్ళి, ఓడలకి దారిచూపే ఉద్యోగి కొడుకు మోర్టెన్ మీద మనసు పడుతుంది. వైద్యం చదువుకుంటున్న బుద్ధిమంతుడు. అయితే ఏం? హాంబుర్గ్ నుంచి గ్రూన్‌లిష్ అనే పెద్దమనిషి దిగాడు. తండ్రి అతని లెక్కల పుస్తకాలు తెప్పించి చూశాడు, నలుగుర్నీ వాకబు చేశాడు, ఎనభైవేల మార్కుల కట్నానికి బేరం తెగింది. పిల్ల మనసు తప్ప అన్నీ తనిఖీ అయ్యాయి! తీరా చూస్తే ఆ లెక్కలన్నీ దొంగలెక్కలు. బాగుందని చెప్పినవాళ్ళంతా అతనికి అప్పిచ్చి, కట్నం కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు.

రాత్రి నిద్ర చెడగొట్టే వ్యాపారం పగలు చెయ్యొద్దని ఆ ఇంటి మూలపురుషుడి ఉపదేశం. దాన్ని పిల్ల పెళ్ళికి వర్తింపచెయ్యాలని ఒక్కరికీ తోచలేదేం?

అసలు దారుణం మరొకటుంది. ఇంట్లో తాతల కాలంనుంచీ వస్తున్న వంశవృత్తాంతం పుస్తకం ఒకటి ఉంది. దాన్ని తిరగేస్తూ తిరగేస్తూ టోనీ, వంశగౌరవం ఆవహించినట్లయి, ఇష్టంలేని ఆ సంబంధాన్ని తన చేత్తో తానే అందులో రాసేసుకుంటుంది. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. అలా పెంచారు, అంతే. ఇంతకంటే చల్లగా గుండె కోసే పేజీ నేనెరగను.

ఇంత తెలిసిన రచయిత మీద నాకున్న కోపమల్లా, టోనీని ఆయన నవ్వులపాలు చేశాడని. రెండో పెళ్ళీ చెడిపోతుంది. ఆవిడ మాత్రం చిన్నప్పటిలాగే తల ఎగరేసి, నేర్చుకున్న మాటలే వల్లిస్తూ ఉంటుంది. మనం నవ్వుతాం. తమ్ముడు క్రిస్టియన్ ఊహల్లో రోగాలు తెచ్చుకుంటే జాలిపడే కలం, అన్న థామస్ అలసిపోతే తత్త్వం చెప్పే కలం, ఆమె దగ్గరకొచ్చేసరికి పరిహాసం పడుతుంది. పైగా వడగళ్ళకి నాశనమైన ఆ పచ్చిపైరు బేరాన్ని థామస్‌కి చెప్పింది కూడా టోనీయేనట! ఆడదాని మాట విన్నాడు, మునిగాడు అనుకోవడానికి వీలుగా.

అయినా గొప్ప నవల రచయితనే మించిపోతుందంటారు. ఆఖరి అధ్యాయం చూడండి. మగవాళ్ళు వరసగా పోయారు, మిగిలిన ఒక్క క్రిస్టియన్ పిచ్చాసుపత్రిలో ఉన్నాడు. కంపెనీ లేదు, ఇల్లు అమ్ముడుపోయింది. గదిలో నల్లబట్టలు కట్టుకున్న ఎనిమిది మంది ఆడవాళ్ళు. వారానికోసారి రండి, ఇంటి కాగితాలు చదువుకుందాం అంటున్నది టోనీయే.

హన్సా పేరు ఇప్పటికీ జర్మనీలో విమానాల మీద, ల్యూబెక్ కార్ల నంబరు పలకల మీద కనిపిస్తుంది. పేరు నిలబెట్టడం వర్తకులకి బాగానే తెలుసు. ఆ పేరు కోసం ఎవరిని చెల్లించారో మాత్రం వాళ్ళ పద్దుల్లో దొరకదు, ఈ నవలలో దొరుకుతుంది. అందుకైనా చదవండి. మీ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే, ఆ పిల్ల తండ్రి చేత కూడా చదివించండి.