‘ఊహాత్మక అమలు’ : ఒక పారిభాషిక పదంపై పునర్విమర్శ

‘స్పెక్యులేటివ్ ఎగ్జిక్యూషన్’ను ‘ఊహాత్మక అమలు’ అని అనువదించడం సులభమే. అయితే ఆ మాట మూలభావాన్ని తలకిందులు చేస్తుందన్నది నా అభ్యంతరం. ఊహ మనసులో పుట్టి మనసులోనే అణగిపోతుంది. ప్రాసెసర్ చేసేది అది కాదు. షరతు తేలకముందే ఏ దారిన పోవలసివస్తుందో అంచనా వేసి, ఆ దారిలోని పనిని నిజంగానే చేస్తుంది. అంచనా తప్పితే ఫలితాన్ని రద్దు చేస్తుంది గాని, ఆ పనికోసం క్యాష్ అనే సమీప స్మృతిలోకి తెచ్చిన దత్తాంశాన్ని వెనక్కి పంపదు. ఏ చిరునామా త్వరగా అందుతున్నదో కాలం కొలిచి చూసినవారికి రహస్యం చిక్కుతుంది. మన దర్శనాల పరిభాషలో, కర్మఫలం రద్దయినా వాసన మిగిలిందన్నమాట. 2018 జనవరిలో వెల్లడైన ‘స్పెక్టర్’ దాడికి ఈ వాసనే ఆధారం.

ఊహ అనుకొని చదివిన విద్యార్థికి ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్‌లో ఆ తరువాత వచ్చిన మార్పులు అర్థం కావు. ఊహకు కాపలా ఎందుకని అడుగుతాడు. లినక్స్ కెర్నెల్‌లోని ‘అర్రే ఇండెక్స్ నోస్పెక్’నే తీసుకుందాం. పట్టికలోని వరుససంఖ్య హద్దులో ఉన్నదా అన్న పరీక్ష అంతకుముందే ఉన్నది; తర్కరీత్యా అది చాలు. కాని పరీక్షఫలం రాకముందే ప్రాసెసర్ లోపలికి వెళ్లిపోతుంది కనుక, హద్దు మీరిన సంఖ్యను షరతుతో నిమిత్తం లేకుండా గణితక్రియతోనే సున్నా చేయవలసివచ్చింది.

‘రెట్‌పొలీన్’ కథ ఇంకా చెప్పుకోదగ్గది. రిటర్న్, ట్రాంపొలీన్ అన్న రెండు మాటల కలయిక ఇది. గమ్యం అప్పటికప్పుడు తేలే జంప్ ఆదేశం స్థానంలో రిటర్న్ ఆదేశాన్ని నిలిపి, అంచనాను ఎటూ కదలని లూప్‌లో తిప్పుతుంది. అంటే అంచనాను ఆపలేదు, దారి మళ్లించింది. రిటర్న్ అంచనాను దాడిదారు మలచలేడన్న నమ్మకంపై నిలిచిన ఈ ఏర్పాటును, కొన్ని ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఛేదించవచ్చని 2022లో ‘రెట్‌బ్లీడ్’ పరిశోధన చూపింది. (‘మెల్ట్‌డౌన్’ సంగతి వేరు. దానికి కెర్నెల్ పేజీ పట్టికలనే వేరుచేయవలసివచ్చింది. రెంటినీ ఒకే ‘ఊహ’ కింద చేర్చడం రెండో పొరపాటు.)

ప్రత్యామ్నాయంగా ‘అంచనా అమలు’ తోస్తుంది. కాని బడ్జెట్ వార్తలకు అలవాటుపడిన చెవికి అది అంచనాను అమలుచేయడంగా వినిపిస్తుంది. నేను ‘ముందస్తు అమలు’ వైపే మొగ్గుతాను. ఇందులో అంచనా అన్న అర్థం లోపిస్తుంది, నిజమే. పని జరిగిందన్న అర్థం మాత్రం లోపించదు. కెర్నెల్ రక్షణ అంతా తిరిగేది దాని చుట్టూనే.