వాట్సాప్‌లో మన మాట ఎక్కడ?

ఉగాదినాడు మారిషస్‌లో ప్రభుత్వ సెలవు. తెల్లవారకముందే మన ఫోనులు మ్రోగడము మొదలవుతుంది. వాట్సాప్‌లో మామిడి తోరణములు, వేపపూత, పచ్చడి గిన్నె, వాటి క్రింద బంగారు రంగు అక్షరములలో చక్కని తెలుగు దీవెన. మధ్యాహ్నమునకు అటువంటివి డజన్లకొద్దీ చేరుతాయి. తెలుగు చదవగలిగినవారూ పంపుతారు, చదవలేనివారూ పంపుతారు. వాటిలో మనము వ్రాసినది అరుదు. వ్రాసినది ఎవరో మనకు తెలియదు. మనమెవరమో వ్రాసినవారికీ తెలియదు.

పండుగపూట శుభము కోరడములో తప్పేమున్నది అని అడగవచ్చును. తప్పు లేదు. మేము విచారించేది మరొక సంగతి. ఇతరుల తెలుగును ఇంత ధారాళముగా పంచే మనము, మన తెలుగును ఎందుకు దాచుకొంటున్నాము?

2018లో భారతదేశములో పుకార్లను నమ్మిన జనము అమాయకులను కొట్టి చంపిన ఘోరములు జరిగినవి. అప్పటినుండి వాట్సాప్ సంస్థ చేతులు మారిన సందేశమునకు గుర్తు వేయసాగినది. 2019 జనవరిలో, ఒక సందేశమును ఒకసారికి ఐదు చోట్లకే పంపవలెనను హద్దు లోకమంతటికీ వచ్చినది. 2020 ఏప్రిల్ నుండి, మరీ ఎక్కువగా తిరిగిన సందేశము ఒకసారికి ఒక్కచోటికే పోతుంది. ఈ హద్దులు అబద్ధముల పరుగును తగ్గించుటకు పెట్టినవి. సొంతముగా మాట్లాడే అలవాటును మాత్రము ఏ సంస్థా మనకు ఇవ్వలేదు.

మనలో చాలామందికి ఇంట్లో క్రియోలు, బడిలో ఇంగ్లీషు, పత్రికలో ఫ్రెంచి. తెలుగు పూజలోను, భజనలోను, బడిపుస్తకములోను మిగిలిన భాష. ఎవరో ధైర్యము చేసి బృందములో రోమను లిపిలో రెండు తెలుగు ముక్కలు వ్రాస్తారు. వెంటనే చదువుకొన్నవారొకరు అందరి ఎదుట తప్పు దిద్దుతారు. దిద్దినవారి ఉద్దేశము మంచిదే. కాని దిద్దించుకొన్నవారు మళ్ళీ వ్రాయరు. మరునాటినుండి ఆయనా బంగారు అక్షరముల బొమ్మలే పంపుతారు. బొమ్మలో తప్పు ఉన్నా అది తనది కాదు గదా!

రామభజనములో మనము ఇలా చేయము. ఒకరు ఎత్తుకొంటే తక్కినవారు అందుకొంటారు. గొంతు బాగులేదని ఎవరినీ లేచిపొమ్మనము. ఆ ఓర్పు ఫోనులో ఏమైనది?

నోటిమాటను పంపే వసతి వాట్సాప్‌లో 2013 నుండి ఉన్నది. వ్రాయలేని నానమ్మకు ఇంతకన్న మేలైన సాధనము లేదు. సింహాద్రి అప్పన్న పూజకు ఎవరెవరు రావలెనో, ఏమేమి వండవలెనో ఆమె తన యాసలో చెబుతుంది. మధ్యలో మనవడి పేరు మరచి, తలచుకొని, నవ్వుతుంది. మనము దానిని తరువాత విందామని ప్రక్కన పెడతాము. 2021లో వేగము పెంచి వినే వీలు వచ్చినది గనుక, విన్నా రెండింతల వేగముతో వింటాము. ఫోను నిండినప్పుడు తుడిచివేసే వాటిలో ఆ గొంతు కూడ పోతుంది.

కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవారి మాటలు, చెరకు తోటలలో తరములు గడిపిన మాటలు ఆ గొంతులో ఉన్నవి. పండుగ బొమ్మలు వచ్చే యేడు కూడ వస్తాయి. నానమ్మ ఉంటుందని ఎవరు చెప్పగలరు?

ఈ మాటలు వ్రాస్తున్న మేమును ఈ దోషమునకు బయటివారము కాము. నానమ్మల మాటలను మేమూ పోగొట్టుకొన్నాము, ఎదుటివారి తెలుగును మేమూ నలుగురిలో దిద్దినాము. కనుక పాఠకులతోపాటు మాకు మేము కూడ చెప్పుకొంటున్నాము. వచ్చే ఉగాదికి ఒక్క బొమ్మ తగ్గించి, ఒక్క వాక్యము మనమే వ్రాద్దాము. లిపి ఏదైనా సరే, తప్పులున్నా సరే. వ్రాయలేకపోతే నోటితో చెబుదాము. దిద్దవలసివస్తే విడిగా, మెల్లగా దిద్దుదాము. ఇంటి పెద్దలు పంపిన మాటలను ఈ వారమే వేరొకచోట భద్రపరచి, ఎవరు ఎప్పుడు చెప్పినవో ప్రక్కన వ్రాసి ఉంచుదాము. మన పిల్లలు రేపు తెలుగు వినగోరితే, మనవారి గొంతులోనే వినిపించగలగాలి.