వయోజనులకుఁ బ్రథమపాఠము

1873-వ సంవత్సరమునఁ బ్రకటితమైన ఆర్డెన్ దొరవారి తెలుఁగు వ్యాకరణము పరభాషీయులగు వయోజనుల కుద్దేశింపఁబడినది. అందు మొదటి భాగమున నక్షరములు, వ్యాకరణసంగ్రహము, మాదిరివాక్యములు. రెండవ భాగమున వ్యావహారికభాష. మూఁడవ భాగమున గ్రంథభాష గలవు. వాడుకమాటను గ్రంథభాషకు ముందుంచుట ప్రశంసార్హము. అయినను మాదిరివాక్యములకు ముందే యక్షరములు నిలుచుట విచార్యము.

తెలుఁగుబాలుఁడు బడిఁ జేరునప్పటికే భాష నెఱిఁగియుండును; వానికిఁ గొఱవడినది లిపి మాత్రమే. కావున నోనమాలతో నారంభించుట వానికిఁ దగును. పరభాషీయుఁడగు ప్రౌఢునకు భాషయే క్రొత్త. అర్థ మెఱుఁగని ధ్వనులకు గుర్తులు దిద్దుట యాతనికి నిష్ఫలప్రయాస. లిపి లేక యుచ్చారణము కుదురదందురేని, ఉచ్చారణమునకు గురువు నోరు ప్రమాణము గాని లిపి కాదు.

"ఇదేమి?", "ఇది చెట్టు" అను వాక్యములు ప్రథమపాఠమునకుఁ దగినవి. వీనియందుఁ గ్రియ లేదు. కావునఁ గ్రియారూపముల నెఱుఁగకయే యాతఁడు పూర్ణవాక్యమును బలుకఁగలఁడు. ప్రశ్న యొకటి వశమైనచో నూరివారెల్లరు గురువులగుదురు. "నీవు", "మీరు" అను భేదమును గూడ నానాఁడే తెలుపవలయును. లేనిచోఁ బెద్దల నేకవచనమున సంబోధించి యాతఁడు నవ్వులపాలగును.

మొదటినాఁడు సిగ్గుపడిన ప్రౌఢుఁడు రెండవనాఁడు రాఁడు. బాలునివలె నాతనిని బడికిఁ బంపువారు లేరు. కావున నార్డెన్ క్రమమును మన్నించుచునే, వాక్యమును ముందును, అక్షరమును వెనుకను నిలుపుట యుక్తము.