కాలవ పక్క మలుపు, తోట పక్క మలుపు

అల్లవరం నుంచి ఓడలరేవు వైపో, బెండమూర్లంక వైపో బండి మీద తిరిగేవాళ్లకు మలుపుల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కోనసీమ గట్టు రోడ్ల వంపులు చక్రాల కోసం గీసినవి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు రెండు పక్కలా పొలాలకు నీరందేలా మెరక పట్టుకుని నడిచాయి. మెరక వంకర తిరిగిన చోట కాలవా తిరిగింది, దాని వెంట గట్టూ తిరిగింది. ఎడ్లబండి నడకకు సరిపోయిన ఆ వంపుల్లో ఇప్పుడు ఓఎన్‌జీసీ టెర్మినల్ లారీలు, కాలేజీ బస్సులు, రొయ్యల వ్యాన్లు తిరుగుతున్నాయి.

ఇక్కడ బండి నేర్చుకునే కుర్రాడికి పెద్దలు మొదట చెప్పే మాట 'కాలవ చూసుకోరా' అని. నన్నడిగితే ఇంతకన్నా చెడ్డ సలహా లేదు. కాలవను చూస్తే బండి కాలవ వైపే లాగుతుంది. గుంత తప్పిద్దామని గుంతనే చూస్తూ పోయి అందులోనే దించినవాళ్లం కామా మనమంతా? గురిపెట్టిన లక్ష్యం మీంచి చూపు తిప్పుకోలేక దాన్నే గుద్దుకున్న యుద్ధ విమానాల పైలట్ల కథలు రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఉన్నాయి.

మైకేల్ లాండ్, డేవిడ్ లీ అనే ఇద్దరు పరిశోధకులు వంపుల రోడ్డు మీద డ్రైవర్ల కళ్లు ఎటు పోతున్నాయో కొలిచి 1994లో 'నేచర్' పత్రికలో రాశారు. మలుపుకు ఒకటి రెండు సెకన్ల ముందే చూపు దాని లోపలి అంచు మీదికి చేరుతోంది, స్టీరింగు ఆ తర్వాతే కదులుతోంది. సరిగ్గా ఆ అంచునే చూడాలా, వెళ్లబోయే దారిని చూడాలా అని తర్వాతివాళ్లు వాదించుకున్నారు. ముందు చక్రం దగ్గర చూడమని మాత్రం ఎవరూ అనలేదు.

బ్రిటిష్ పోలీసు డ్రైవర్లకు నేర్పే పద్ధతి ఒకటుంది. రోడ్డు రెండు అంచులూ దూరాన కలిసిపోయినట్టు కనబడే చోటు మీద చూపు పెట్టాలి. మనం వెళ్తున్నకొద్దీ అదీ ముందుకు జరుగుతుంటే మలుపు తెరుచుకుంటున్నట్టు. కదలకుండా నిలబడి మనకు దగ్గరవుతుంటే బిగుసుకుంటున్నట్టు, వేగం తగ్గించాలి.

మన గట్ల మీద ఆ చోటు ఎంత దూరాన కనబడుతుందన్నది లోపలి పక్క ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. కాలవ లోపలి పక్కన ఉంటే నీళ్ల మీదుగా మలుపు అవతలి కొస దాకా కనబడుతుంది. తోట లోపలి పక్కన ఉంటే అరటాకులు తప్ప ఏమీ కనబడదు. చిత్రమేమిటంటే, మనవాళ్లు కాలవకు భయపడి మొదటి దాంట్లో బిక్కుబిక్కుమంటూ పోతారు, రెండో దాంట్లో హారన్ కొట్టి దూసుకుపోతారు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. చూసి, తేరుకుని, బ్రేకు పట్టి ఆగేసరికి సుమారు 30 మీటర్లు పడుతుంది. ఇరుకు రోడ్డు మీద ఎదుటివాడికీ అంతే కావాలి. అంటే 60 మీటర్లు కనబడాలి. అరటితోట మలుపులో అంత దూరం కనబడదు. కోతల రోజుల్లో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది, ఆ లెక్క వేరు.

రాత్రి పూట పరిస్థితి కొంత నయమంటాను, వినేవాళ్లకు వింతగా ఉన్నా. మన హెడ్‌లైటు మలుపు తిరగదు, తిన్నగా నీళ్లలోకో తోటలోకో పోతుంది, నిజమే. కానీ ఎదురొచ్చే బండి కనబడకముందే దాని వెలుగు కొబ్బరి మట్టల మీద పడుతుంది. తలెత్తి చూసేవాడికే అది తెలుస్తుంది. కరెంటు స్తంభాల వరసా దారి చెబుతుంది గానీ పూర్తిగా నమ్మకండి. ఒక్కోచోట అది రోడ్డును వదిలి చేలోకి పోతుంది.

మలుపు లోపలి పక్క తోటలున్న రైతులకు ఒక మనవి. కంచె మీది తీగలు, రోడ్డు మీదికి వాలిన అరటాకులు నడుమెత్తుకు మించకుండా కొట్టించండి. మీ పిల్లలు బడికి వెళ్లేదీ ఆ దారినే.