పేర్లు కొట్టేస్తే గోప్యత దక్కుతుందా?

కంప్యూటర్ శాస్త్రవేత్త సింథియా డ్వర్క్ పరిశోధన పత్రాల జాబితా చదవడం మొదలుపెడితే ఏ పత్రం దగ్గర ఆగి మెచ్చుకోవాలో తేల్చుకోలేం. 1992లో మోని నవోర్‌తో కలిసి రాసినది చూడండి. ఈమెయిల్ పంపే ప్రతివాడూ ముందు తన కంప్యూటరు చేత చిన్న లెక్క చేయించాలి, అలా అయితే లక్షల చెత్త మెయిళ్లు పంపేవాడికి గిట్టుబాటు కాదు అన్నారు. తర్వాత బిట్‌కాయిన్‌కు ఆధారమైంది ఈ ఊహే. 1997లో మిక్లోష్ అయ్‌తాయ్‌తో కలిసి లాటిస్‌ల (క్రమంగా పేర్చిన బిందువుల వలల) గణితం మీద ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి నిర్మించారు. దాన్ని ఛేదించగలిగినవాడు వెనకున్న లాటిస్ సమస్యను అతి కఠినమైన సందర్భంలోనూ పరిష్కరించగలడని రుజువు చేసి చూపించారు. అలాంటి రుజువు అంతకుముందు ఏ ఎన్‌క్రిప్షన్ పద్ధతికీ లేదు! క్వాంటం కంప్యూటర్లకు లొంగకూడదని అమెరికా ప్రమాణాల సంస్థ 2024లో ఖరారు చేసిన పద్ధతుల్లో ముఖ్యమైనవి లాటిస్‌లనే నమ్ముకున్నాయి.

అయినా నా దృష్టిలో ఆవిడ కిరీటం, డేటాలోని మనుషుల గోప్యతకు గణిత హామీ ఇచ్చిన 2006 నాటి పత్రమే. ఫ్రాంక్ మెక్‌షెర్రీ, కోబ్బి నిస్సిమ్, ఆడమ్ స్మిత్ సహరచయితలు. దానికే 2017లో గోడెల్ బహుమతి వచ్చింది. ఆ హామీకి డిఫరెన్షియల్ ప్రైవసీ అన్న పేరూ ఆ 2006లోనే స్థిరపడింది.

దాని పనితనం చూడండి. జిల్లాలో మధుమేహం ఉన్నవాళ్లు ఎందరని డేటాను అడిగాం. ఒక మనిషి ఆ డేటాలో ఉన్నా లేకపోయినా జవాబు మహా అయితే ఒకటి మారుతుంది. ఆ ఒకటిని ఎప్సిలాన్ అనే సంఖ్యతో భాగించి, అంత వెడల్పున్న లాప్లాస్ పంపిణీ నుంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్యను జవాబుకు కలుపుతారు. ఎప్సిలాన్ 0.1 అయితే జవాబు పదీ ఇరవై అటూ ఇటూ అవుతుంది. లక్షమంది లెక్కలో అది కంటికి ఆనదు, ఒక్క మనిషి మాత్రం దాదాపు కనుమరుగవుతాడు. శత్రువు చేతిలో ఇంకే సమాచారం ఉన్నా, రేపు కొత్తగా ఏం దొరికినా ఈ హామీ చెక్కుచెదరదు. ప్రశ్నలు పెరిగేకొద్దీ ఎప్సిలాన్లు కూడుకుంటూ పోతాయి కాబట్టి ఎంత గోప్యత ఖర్చయిందో కూడా లెక్క తేలుతుంది.

దీని మూలం 1965లో స్టాన్లీ వార్నర్ చెప్పిన సర్వే పద్ధతిలో ఉందంటారు. నాణెంతో చేసే దాని ఒక రూపం ఇది: లంచం ఇచ్చారా అని అడిగే ముందు నాణెం ఎగరేయించండి. బొమ్మ పడితే నిజం చెప్పాలి. బొరుసు పడితే మళ్లీ ఎగరేసి, బొమ్మకు అవునని, బొరుసుకు కాదని చెప్పాలి. వెయ్యిమందిలో 350 మంది అవునంటే, నాణెం చెప్పించినవి సుమారు 250. మిగిలిన వంద, నిజం చెప్పిన సగంమందివి. అంటే ఇచ్చినవాళ్లు 200 మంది దాకా ఉంటారు. ఎవరినీ వేలెత్తి చూపలేం, లెక్క మాత్రం దక్కింది.

ఇంత చక్కని విద్య చేతిలో ఉండగా లోకంలో చలామణీ అయ్యేది నకిలీ సరుకు! పేరు, ఫోన్ నంబరు కొట్టేసి, ఇక ఎవరికీ భయం లేదని చాటుతున్నారు. అలా పేర్లు తీసేసిన ఆసుపత్రి రికార్డుల్లోంచే లటాన్యా స్వీనీ 1990లలో మసాచుసెట్స్ గవర్నరు రికార్డును బయటికి లాగారు. పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడో మగో తెలిస్తే సరిపోయింది. నెట్‌ఫ్లిక్స్ 2006లో విడుదల చేసిన సినిమా రేటింగుల గుట్టును అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ విప్పేశారు. ఇన్ని చూశాక కూడా పేర్లు కొట్టేసి చేతులు దులుపుకోవడం బాధ్యతారాహిత్యం. ఎప్సిలాన్‌ను ఇష్టమొచ్చినంత పెంచేసి, రక్షణను నీరుగార్చి, ఆ సంఖ్య మాత్రం చెప్పకుండా డిఫరెన్షియల్ ప్రైవసీ అని బోర్డు తగిలించుకోవడం అంతకన్నా ఘోరం. ఆ పేరు వెనక ఒక రుజువు ఉంది, దాన్ని అలా అమ్ముకుంటే ఎలా ఊరుకుంటాం?

2020 జనగణనకు అమెరికా డిఫరెన్షియల్ ప్రైవసీనే వాడింది. అంకెలు పాడవుతున్నాయని అలబామా రాష్ట్రం కోర్టుకెక్కింది, గెలవలేదు. చిన్న ఊళ్ల లెక్కల్లో తేడా వస్తుందన్న ఫిర్యాదు నిజమే. నేను మాత్రం జనగణన సంస్థ పక్షమే. ఊరు చిన్నదయ్యేకొద్దీ అక్కడి మనిషిని గుర్తుపట్టడం తేలిక, రక్షణ ఎక్కువ కావలసింది అక్కడే.

మనదగ్గర గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. తెలంగాణ 2024లో ఇంటింటికీ తిరిగి కులం వివరాలు సేకరించింది. జాతీయ జనగణనలోనూ కులం అడగబోతున్నారు. ఇంత సున్నితమైన వివరాలను పట్టికలుగా అచ్చువేసేటప్పుడు ఎంత రక్షణ ఇచ్చారో కూడా చెప్పాలి. ఎప్సిలాన్లను బయటపెట్టండని డ్వర్క్ 2019లో నితిన్ కోహ్లీ, డీర్‌డ్రా మలిగన్‌తో కలిసి ఒక పత్రమే రాశారు. మన గణాంక శాఖలు దాన్ని తెప్పించుకుని చదవాలి. ఇకపై మండల స్థాయి పట్టిక ఏది అచ్చువేసినా, ఏ పద్ధతి వాడారో, ఎప్సిలాన్ ఎంతో దాని కిందే అచ్చువేయాలి.